పదహారు పళ్ళు

చూడకుండా ‘బాగుంది’ అని చెప్పిన మాట అబద్ధం కిందికి వస్తుందా, రాదా? అంతయ్యకు ఈ అనుమానం ఇరవై ఆరేండ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. చిలుకూరు గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసేటప్పుడు లెక్క తప్పకుండా చేతిలోని కార్డు మీద ఒక్కో గడి కొట్టేసుకుంటూ పోతాడు. ఏ అరవైలోనో డెబ్బైలోనో ఉండగా ఆ అనుమానం వచ్చి పక్కన నడవడం మొదలుపెడుతుంది. పూజారిని అడగొచ్చు. కానీ ఏ మాట, ఎవరి గురించి అని ఆయన అడుగుతాడు కదా. అక్కడికి వచ్చేసరికి అంతయ్య నోరు ఆగిపోతుంది.

మంగళవారం పొద్దున అతని షెడ్డు ముందు పాత తెల్ల అంబాసిడర్ ఒకటి ఆగింది. జనార్దన్ పటేల్‌ది. మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డు జాగా కూడా ఆయనదే. కారు నడిపింది ఆయన కొడుకు నవీన్. పటేల్ పక్క సీట్లోంచి దిగలేదు. అద్దం దించి మాట్లాడాడు.

“ఏమంతయ్యా, బతికే ఉన్నవా?”

“మీ దయ పటేలా.”

“నా దయ కాదు, నా జాగ. మీటర్ ముల్లు లేస్తలేదు చూడు. ఆదివారం పాత కార్లోళ్ళ మీటింగ్ ఉన్నదట, శంకర్‌పల్లి దిక్కు రిసార్ట్‌ల. ఈనె పోతడట.”

నవీన్ దిగి బానెట్ మీద చెయ్యి వేశాడు. “అన్నీ ఒరిజినల్ వర్కింగ్‌ల ఉండాలె అంకుల్. మీటర్ డెడ్ ఉంటే మార్కులు కట్ చేస్తరు.”

“ఇంజన్ ముట్టకు. మీటర్ ఒక్కటే,” అన్నాడు పటేల్. “ఇన్నేండ్లు కొట్టంల పడి ఉన్నది. మీటర్‌గాడు ఉన్నప్పుడు తిరిగిందే తిరుగుడు.”

“మీటర్‌గాడు ఎవరు డాడీ?”

“ఆలూరు మైసడు. మన డ్రైవరే ఉండె. ఇంటికెల్లి నాంపల్లి పోయొస్తే ఎనభై కిలోమీటర్లు. ఆడు పోయొస్తే తొంభై పడేది. రోజూ తొంభై. నా పెట్రోల్‌తోని కిరాయిలు కొట్టుకున్నడు. చేవెళ్ళ హనుమాండ్ల గుడి ముందట తడిబట్టలతోని నిలబెట్టినం. ప్రమాణం చెయ్యి అంటే నోరు పెగల్లే.” అని అద్దంలోంచి వేలు చూపాడు. “అడుగు, ఈనె గూడ ఉండె ఆ దినం. మీటర్ మంచిగున్నదని ఈనెనే సాక్షి.”

నవీన్ అంతయ్య వైపు చూసి నవ్వాడు. అంతయ్య పానాల పెట్టె వెతుక్కునే పనిలో పడ్డాడు. పెట్టె కాళ్ళ దగ్గరే ఉంది.

కారును గుంత మీదికి ఎక్కించి, అంతయ్య కిందికి దిగాడు. గేర్‌బాక్స్ వెనక భాగంలో, పక్కకు, మీటరు కేబుల్ వచ్చి తగులుకునే చోటు ఉంటుంది. వేళ్ళతోనే ఆ గుండ్రటి నట్టు తిప్పి కేబుల్ ఊడదీశాడు. లోపలి తీగను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని గిరగిరా తిప్పుతూ, “ముల్లు చూడు బాబూ,” అన్నాడు.

“కదులుతున్నది అంకుల్.”

అంటే మీటరు బాగుంది, కేబుల్ బాగుంది. తప్పు లోపలి గేరులో ఉంది. గేరును పట్టుకుని ఉండే ఒక్క బోల్టు మీద పానా పెట్టాడు. బోల్టు కింద వాషరుకు బదులు సైకిల్ ట్యూబు ముక్క ఉంది. గుండ్రంగా కాకుండా, కొంచెం కోలగా కోసినది. అంతయ్య దాన్ని చాలాసేపు చూశాడు. ఆ కోత తన కత్తెరదే. తన తరువాత దీన్ని ఎవరూ విప్పలేదు.

బోల్టు తీసి లాగితే నల్లటి నూనెతో పాటు గేరు చేతిలోకి వచ్చింది. బొటనవేలంత ఉంటుంది. చివర నాలుగు పళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ తిరుగుతున్నా ఇది పట్టుకోక జారిపోతోంది. పైకి వచ్చి కిరసనాయిలులో కడిగాడు. ఒక పంటి మీద తెల్ల పెయింటు చుక్క పెట్టి, అక్కడి నుంచి ఎంచాడు. పదహారు. మళ్ళీ ఎంచాడు. పదహారే.

“పొద్దుందాక ఎంచుతవా?” అన్నాడు పటేల్.

నవీన్ ఫోన్‌లో గేరు ఫోటో తీసుకుని, సిటీలో స్పేర్ల షాపుకు పంపాడు. పటేల్ వేరే బండి తెప్పించుకుని వెళ్ళిపోయాడు.

మీటరు పని చేశాక పది రాళ్ళ దూరం నడిపి చూడాలి. పని నేర్పినవాళ్ళు అంతయ్యకు మొదట చెప్పిన మాట అది. రోడ్డు పక్క కిలోమీటరు రాయికీ రాయికీ మధ్య మీటరు సరిగ్గా ఒక్క అంకె మారాలి. ఇరవై ఆరేండ్ల కిందట ఇదే బండికి, పాత సామాన్ల కబాడీలో దొరికిన గేరు వేశాడు. ముల్లు లేచింది. రాళ్ళ దగ్గరికి పోలేదు.

గురువారం నవీన్ రెండు గేర్లు తెచ్చాడు. ఈ మోడల్‌కు ఏది పడుతుందో షాపువాడికి పక్కాగా తెలియక రెండూ పంపాడట. ఒకటి పదహారు పళ్ళది, ఇంకొకటి పద్దెనిమిది పళ్ళది. చూడడానికి రెండూ ఒకేలా ఉన్నాయి. పాతది పదహారు కాబట్టి అంతయ్య పదహారే తీసుకున్నాడు. ఎవరైనా అదే తీసుకుంటారు. కొత్త ఆయిల్ సీల్ ఎక్కించి, గేరును నూనెలో ముంచి, లోపల పళ్ళు పట్టుకునేదాకా మెల్లగా తిప్పుతూ దూర్చాడు. ఈసారి బోల్టు కింద అసలు వాషరే పెట్టాడు.

“రాళ్ళ మీద చూద్దాం పా బాబూ.”

“రాళ్ళెక్కడున్నయి అంకుల్? రోడ్డు వెడల్పు చేస్తున్నరని అన్నీ పీకేసిన్రు. ఫోన్‌ల పెడ్త, కరెక్ట్ చూపిస్తది.”

చేవెళ్ళ దిక్కు పోయారు. మట్టి లారీల వెనక నెమ్మదిగా. ముల్లు లేచింది. నవీన్ ఈల వేస్తూ నడిపాడు. అంతయ్య మీటరులోని అంకెలు తిరగడం తప్ప ఇంకేమీ చూడలేదు. చేవెళ్ళలో కూరగాయల మార్కెట్ ముందు బండి ఆగింది.

“ఫోన్‌ల సిక్స్‌టీన్.” నవీన్ వంగి చూశాడు. “మీటర్‌ల ఎయిటీన్ తిరిగింది. రాంగ్ గేర్ అంకుల్ ఇది.”

“పాతది గూడ పదహారే బాబూ.”

“అంటే అప్పటిసంది ఎక్కువ చూపిస్తున్నదా?”

“చూపించింది.”

“లైట్ తీస్కో. ఇంకోటి ఉన్నది గద, వేసేద్దాం.”

అంతయ్య దిగి, కారు చుట్టూ నడిచి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పదహారుకు పద్దెనిమిది. ఎనిమిదికి తొమ్మిది. ఎనభైకి తొంభై. ఇందులో అర్థం కానిది ఏముంది? మూడో తరగతి పిల్లవాడు చెయ్యగల లెక్క. ఆ రోజు గుడి ముందు రెండు వందల మంది ఉన్నారు. ఒక్కరూ చెయ్యలేదు. చెయ్యవలసినవాడు, ఆ పని తెలిసినవాడు, ఒక్కడే ఉన్నాడు.

షెడ్డుకు తిరిగి వచ్చి పద్దెనిమిది పళ్ళది వేశాడు. మళ్ళీ చేవెళ్ళదాకా పోయారు. ఫోన్‌లో పదహారు, మీటరులో పదహారు. నవీన్ అతని భుజం తట్టాడు. అరిగిన పాత గేరును అంతయ్య చొక్కా జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పటేల్ ఒక్కడే వచ్చాడు. వస్తూనే షెడ్డు మూలమూలా చూశాడు, ఏదో పోయిందన్నట్టు.

“నవీన్ ఏందో అంటున్నడు. పాత గేరు తప్పంట.”

“తప్పే పటేలా. నేనే ఏసిన. ఎనభై తిరిగితే తొంభై చూపించింది. మైసన్న ఎక్కడికీ పోలే.”

“ఎవలకన్న చెప్పినవా?”

“ఇంక లేదు.”

“చెప్పకు.” పటేల్ టైర్ల గుట్ట మీద కూర్చున్నాడు. “నువ్వు గేరు మార్చకముందు మూడు నెలలు మీటర్ బందే ఉండె. ఆ మూడు నెలలల్ల ఆడు ఎన్ని కిరాయిలు కొట్టిండో నీకు తెల్సా?”

“తెల్వదు పటేలా. మీకు తెల్సా?”

పటేల్ ముఖం మారింది.

“ఆడు దొంగ కాదంటే మరి నేనెవర్నిరా?” గొంతు పెంచలేదు. “ఊరు ముందట మనిషిని నిలబెట్టినోన్ని నేను. వచ్చే ఎలక్షన్‌ల నా కొడుకు నిలబడుతున్నడు. ఇప్పుడు నువ్వు పదహారు, పద్దెనిమిది అనుకుంట తిరిగితే మంది నన్ను ఏమంటరు? ఈ జాగ మస్తు మంది అడుగుతున్నరు, షోరూం పెడ్తమని. పాపం ఎప్పటిసందో ఉన్నడని నిన్ను ఉంచిన.” చెయ్యి చాపాడు. “పాత గేరు ఇటియ్యి.”

పారేశానని చెప్పి ఉంటే ఆ పూట గడిచిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

“నా దగ్గరనే ఉన్నది పటేలా. ఇయ్య.”

పటేల్ చాపిన చెయ్యి అట్లాగే కొంచెంసేపు ఉంచి, తరువాత దానితోనే ప్యాంటు దులుపుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ షెడ్డు తలుపును కాలితో తన్నాడు. రేకు చాలాసేపు మోగింది.

మధ్యాహ్నం భార్య వసంతమ్మకు చెప్పాడు. ఆమె అన్నం గిన్నె కింద పెట్టిన తీరులోనే జవాబు ఉంది.

“మైసయ్య వచ్చి నిన్ను అడిగిండా?”

“లేదు.”

“పటేల్ అడిగిండా?”

“ఆయన వద్దన్నడు.”

“ఎవ్వరడగంది నీకెందుకు దురద? ఇరవై ఆరేండ్లు ఊకున్నోనివి. షెడ్డు పోతే ఏం తింటం? శనివారం శనివారం ప్రదక్షిణలు చేస్తవ్, ఆ దేవుడు నీకు ఇదేనా చెప్పింది?”

దేవుడు ఏమీ చెప్పలేదు. అదే అంతయ్యకు కష్టంగా ఉంది. చెప్తే బాగుండేది.

శనివారం చిలుకూరు పోలేదు. ఆలూరు పోయాడు.

బోరుబావి దగ్గర సిమెంటు తొట్టిలో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి మైసయ్య క్యారెట్లు తొక్కుతున్నాడు. ఆ మట్టి కాళ్ళతో తొక్కితేనే వదులుతుంది. ఒక చేత్తో పైన కట్టిన తాడు పట్టుకుని, నడుస్తున్నట్టే, ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తున్నాడు. అరవై దాటిన మనిషి. నీళ్ళు ఎర్రగా పొర్లి కాలువలో పడుతున్నాయి. భార్య సాలమ్మ గట్టున కూర్చుని విరిగినవి ఏరి పక్కకు వేస్తోంది. మొదట ఆమె చూసింది.

“మీటర్ మేస్త్రి వచ్చిండు చూడు. ఇంక ఎవర్ని దొంగను చెయ్యనీకొచ్చిండో అడుగు.”

అంతయ్య చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో తెలియదు. జేబులోంచి గేరు తీసి, తొట్టి అంచు మీద పెట్టి, చెప్పాడు. పదహారు పళ్ళు, పద్దెనిమిది పళ్ళు, ఫోన్‌లో ఎంత, మీటరులో ఎంత. చెప్తూ ఉంటే మైసయ్య కాళ్ళు ఆగలేదు. ఎనభైకి తొంభై అన్నప్పుడు ఆగాయి.

“మల్ల చెప్పు.”

“ఎనభై నడిపితే తొంభై పడతది అన్నా. గేరు తప్పు. ఏసింది నేను.”

మైసయ్య తాడు పట్టుకునే నిలబడ్డాడు. తొట్టిలో నీళ్ళు తేరుకున్నాయి.

“ఆ పది కిలోమీటర్లు నేను ఎతికిన,” అన్నాడు. “లంగర్‌హౌజ్ కాడ తప్పు మలిగిన్నా అనుకున్న. పెట్రోల్ బంకుకు తిరిగిపోయిన్నా అనుకున్న. పటేల్ పనిల నుంచి తీసేసినంక సైకిల్ మీద పోయి రాళ్ళు ఎంచుకున్న. పోయేటప్పుడు నలభై, వచ్చేటప్పుడు నలభై. ఎట్ల ఎంచినా ఎనభయే. అయినా మనిషి మర్చిపోతడు గని, మిషన్ ఎట్ల తప్పు చెప్తది అనుకున్న. అంతయ్య చూసిండు గద, మంచిగున్నదన్నడు గద అనుకున్న.”

“నేను చూడలే అన్నా.”

సాలమ్మ చేతిలోని క్యారెట్‌ను అతని కాళ్ళ ముందుకు విసిరింది. “ఆ దినం వణుక్కుంట నిలబడ్డడు ఈ మనిషి, బట్టలకెల్లి నీళ్ళు కారుకుంట. ఒక్క మాట అను, అయిపోతది అని నేను మొత్తుకున్న. అనలే.”

“ఏమని అనాలె?” మైసయ్య ఆమె వైపు తిరిగాడు. ఈ మాట వాళ్ళ మధ్య చాలాసార్లు జరిగినట్టుంది. “బండి తొంభై తిరగలేదని అనుమన్నడు పటేల్. మీటర్ మీద తొంభై పడ్డది నా కండ్లతోని చూస్తి. దేవుని ముందట నిలబడి, చూసింది చూడలేదని ఎట్లంట?”

అంతయ్య కాళ్ళ ముందు పడ్డ క్యారెట్ తీసి గట్టున పెట్టాడు.

“మా కొడుకు కుమార్‌కు ఈనె డ్రైవింగ్ నేర్పుతనంటే ఆడు ఏమన్నడో తెల్సా?” అంది సాలమ్మ. “మీటర్‌గాని కొడుకు స్టీరింగ్ పడితే ఎవడెక్కుతడే అన్నడు. ఇప్పటికి పోరగాండ్లు మీటర్ తాత అనే పిలుస్తరు.”

“తప్పయింది వదినా.”

“నాకు చెప్తే ఏం లాభం?” మైసయ్య మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. ఇప్పుడు గట్టిగా. నీళ్ళు అంతయ్య మీద చిందాయి. “కడుపుల బరువు నా తొట్ల దించిపోతనంటే నడవదు. ఆ దినం ఏడ నిలబడి చెప్పినవో ఆడ నిలబడి చెప్పు. నా ఇంటికి రాకు. అది తీసుకపో.”

అంతయ్య గేరు తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున చేవెళ్ళ హనుమాండ్ల గుడి ముందు అంబాసిడర్ నిలబడి ఉంది. బానెట్‌కు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. నవీన్ మొదటిసారి నలుగురిలో కనిపిస్తున్నాడని పటేల్ మనుషులు యాభై అరవై మంది వచ్చారు. పాతవాళ్ళు కూడా కొందరు ఉన్నారు. అంతయ్య వాళ్ళను ముఖాలతో గుర్తుపట్టాడు. వాళ్ళు అప్పుడూ ఉన్నారు.

గుడి పక్క నల్లా దగ్గర బకెట్ నింపుకుని, చొక్కా, ధోతి మీదనే నెత్తిన పోసుకున్నాడు. ఇంకో బకెట్ పోసుకున్నాడు. నీళ్ళు కారుకుంటూ వచ్చి గడప ముందు నిలబడ్డాడు. తడిబట్టల మనిషి గుడి ముందు నిలబడితే ఎందుకో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మాటలు సన్నగిల్లాయి.

“తాగినవారా పొద్దుగాలనే?” అన్నాడు పటేల్.

“లేదు పటేలా.” అంతయ్య దేవుని వైపే చూస్తూ చెప్పాడు. “మైసయ్య పటేల్ బండిని ఎక్కువ తిప్పలే. మీటర్ తప్పు చూపించింది. తప్పు గేరు ఏసింది నేను. ఆ దినం ఇక్కడనే నిలబడి మీటర్ మంచిగున్నదని చెప్పిన. చూడకుంట చెప్పిన. అది అబద్ధం.”

ఎవరో నవ్వారు. “మీటర్‌గానికి వకీలు దొరికిండురా,” అని ఇంకెవరో అన్నారు. అంతయ్య గుప్పిలి విప్పి, దగ్గరలో ఉన్న ముసలాయన చేతిలో గేరు పెట్టాడు. “ఎంచు. తెల్లచుక్క కాడికెల్లి.” ఆయన గోటితో ఒక్కో పన్ను తడుముతూ పదహారని చెప్పాడు.

“ఉండాల్సింది పద్దెనిమిది. ఇప్పుడు బండిల ఉన్నది అదే. పదహారు ఏస్తే ఎనభై పోయినా తొంభై చూపిస్తది. ఫోన్‌ల పెట్టి చూసినం.”

“ఎవడు చూసిండు?” పటేల్ రెండడుగులు ముందుకు వేశాడు. “నువ్వు చూసినవ్, నువ్వు చెప్తున్నవ్. అప్పుడు నువ్వే చెప్పినవ్, ఇప్పుడు నువ్వే చెప్తున్నవ్. ఏది నమ్మాలె?”

అది న్యాయమైన ప్రశ్నే. గాలికి తడిబట్టలు ఒంటికి అతుక్కున్నాయి. గుంపు మళ్ళీ కదలబోయింది.

“నేను చూసిన,” అన్నాడు నవీన్.

అతను కారు తలుపు పట్టుకుని ఉన్నాడు. తండ్రి వైపు చూడలేదు. “ఫోన్‌ల పదహారు, మీటర్‌ల పద్దెనిమిది. నేనే నడిపిన డాడీ. పాత గేర్‌తోని అట్లనే వస్తది.”

కొబ్బరికాయ కొట్టడానికి చెయ్యెత్తిన పూజారి దాన్ని దించేశాడు. పటేల్ కొడుకును చూశాడు, గుంపును చూశాడు, చివరికి అంతయ్యను చూశాడు.

“ఎల్లుండికల్ల షెడ్డు ఖాళీ చెయ్యి.”

“చేస్త పటేలా.”

పటేల్ అంబాసిడర్ ఎక్కలేదు. తన బండి ఎక్కి చేవెళ్ళలోపలికి వెళ్ళిపోయాడు. నవీన్ కొంతసేపు ఆగి, దండతోనే అంబాసిడర్‌ను శంకర్‌పల్లి దిక్కు తీసుకుపోయాడు. గుంపు పలచబడింది. వెళ్తూ ఉన్న ఒకాయన, “మరి ఇన్నేండ్లు ఊకెనే మీటర్ మీటర్ అన్నం గదరా,” అన్నాడు. పక్కవాడు, “ఇప్పుడేమంటవ్ మరి,” అన్నాడు. ముసలాయన గేరును గడప మీద పెట్టి పోయాడు.

రోడ్డుకు అవతల, మార్కెట్‌కు పోయే క్యారెట్ ట్రాలీ పక్కన మైసయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. అంతయ్య దగ్గరికి పోతే, అతని వైపు చూడకుండానే, “దా,” అన్నాడు. ముందు నడిచి, పక్కనున్న హోటల్‌లోకి పోయి, “ఒక చాయ్,” అని చెప్పాడు. అంతయ్య బెంచీ మీద కూర్చుంటే కింద నీళ్ళు మడుగు కట్టాయి. మైసయ్య కూర్చోలేదు.

“ఆ దినం నువ్వు గేరు ఏసినంక ముల్లు లేస్తే నేను మస్తు ఖుషైన. దా, చాయ్ తాపిస్త అన్న. వాన మొదలైతున్నదని ఉరికినవ్. రాళ్ళ కాడికి పోలే, చాయ్ తాగలే. యాదికున్నదా?”

అంతయ్యకు లేదు.

“నాకున్నది. ఆ దినం మొత్తం నాకు యాదికే ఉన్నది.”

చాయ్ వచ్చింది. మైసయ్య దాన్ని అందుకుని, తన చేత్తో అంతయ్య ముందు పెట్టాడు.

“నువ్వు తాగవా అన్నా?”

“నాకొద్దు. తాగు. నేను నీకు బాకీ ఉన్నది ఇదొక్కటే. ఇగ ఏం లేదు.”

మైసయ్య కౌంటర్ దగ్గర చిల్లర పెట్టి, బయటికి పోయి, ట్రాలీ వెనక ఎక్కి బస్తాల మీద కూర్చున్నాడు. ట్రాలీ మార్కెట్ వైపు మళ్ళింది. అంతయ్య రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు. చాయ్‌లో చక్కెర బాగా ఎక్కువైంది. అడుగుదాకా తాగాడు.